కంచెకు కట్టిన చీర పీలికలు

ఉద్యానశాస్త్రం చదివి ఐటీ కంపెనీల తోటల్లో పనికి చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నార్సింగిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, "సార్, పాతికేళ్లు చేశారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అంటారు. ఎరువుల గురించి, డ్రిప్పు పైపుల గురించి, కాంట్రాక్టర్లతో ఎలా నెగ్గుకు రావాలో చెప్పి పంపిస్తాను. వాళ్లు లిఫ్టు ఎక్కగానే, అసలు చెప్పాల్సింది మళ్లీ మింగేశానని నా మీద నాకే విసుగు వస్తుంది. నోటితో చెప్పలేనిది రాతలో పెడుతున్నాను. ఇది ఒక కంచె గురించి, దాని మీద బతికిన గొల్లభామల గురించి, వాటిని కాపాడిన బాలమణి గురించి. ఆమె పట్ల నేను చేసిన తప్పు గురించి కూడా.

నా ప్రమోషన్లు, నాకు కప్పిన శాలువాలు ఇందులో రావు. అవి అటక మీద ఉన్నాయి. అక్కడే ఉండనివ్వండి.

కూలిన ఏడు చెట్లు

మన పని మొక్కలు పెంచడమని కాలేజీలో చెబుతారు. మొక్కలు వాటంతట అవే పెరుగుతాయి. అవి పెరిగినట్టు ఎవరికీ కనిపించకుండా చూడటానికే కంపెనీ మనకు జీతం ఇస్తుంది. కంచె గీత గీసినట్టు ఉండాలి, లాను చాప పరిచినట్టు ఉండాలి, రాలిన ఆకు ఉద్యోగుల బస్సులు వచ్చేలోగా మాయమైపోవాలి. నేను కర్నూలు నుంచి వచ్చి చేరినప్పుడు మా క్యాంపస్ చుట్టూ సగం రాళ్లూ సగం తుప్పలూ. చూస్తుండగానే రాళ్లు పోయి అద్దాల గోడలు లేచాయి.

మొదట్లో నా పైఅధికారి మూర్తిగారు. కాకినాడ మనిషి, మెత్తగా మాట్లాడేవారు. నేను చేరిన మొదటి ఎండాకాలం గేటు దారికి రెండువైపులా తురాయి మొక్కలు నాటించి, అవి ఎండిపోతాయేమోనన్న భయంతో రోజూ కొంచెం కొంచెం నీళ్లు పెట్టించాను. మూర్తిగారు వారానికి రెండుసార్లే, కానీ నిండుగా పెట్టమన్నారు. నేను వినలేదు. రోజూ పైపైన తడి ఉంటే వేరు కిందికి దిగదు, దానికేం పట్టింది దిగడానికి? మూడేళ్లకు చెట్లు ఏపుగా లేచాయి. ఒక సాయంత్రం గాలివానకు ఏడు చెట్లు వరసగా పడ్డాయి, ఒకటి డైరెక్టరుగారి కారు మీద.

మర్నాడు పైవాళ్లు నన్ను అందరి ముందూ నిలబెట్టి, తప్పెవరిదని అడిగారు. మూర్తిగారు లేచి, "నీళ్ల సంగతి నేనే అలా చెప్పానండి. ఈయన నేను చెప్పినట్టే చేశారు" అన్నారు. ఆ ఏడాది ఆయనకు రావాల్సిన పెద్ద పోస్టు రాలేదు. ఆ రోజు బయటికొచ్చాక దండం పెట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపారు. "దానికేముందండి ప్రసాద్ గారూ. రేపు మీ కింద ఒకరు ఉంటారు కదా, అప్పుడు మీ వంతు" అన్నారు.

ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా వంతు వచ్చిన రోజున మాత్రం అది గుర్తు రాలేదు.

గోరింట కంచె

క్యాంపస్‌కు పడమటి వైపు రెండు వందల అడుగుల గోరింట కంచె ఉండేది. అది మేం నాటింది కాదు. పొలాలున్న కాలం నాటిది, ఎలాగో మిగిలిపోయింది. ఆషాఢం వస్తే ఆఫీసు ఆడపిల్లలు లంచ్ టైములో కవర్లు పట్టుకొని ఆకు కోసుకునేవాళ్లు. మిగతా ఏడాదంతా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

మూర్తిగారు రిటైరై వెళ్లిపోయిన తర్వాత, కాంట్రాక్టరు తరఫున గోపన్‌పల్లి నుంచి బాలమణి పనికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, ఒక కొడుకు. నోరు పెద్దది, చెయ్యి చాలా మెత్తన. ఒక ఉదయం ఆ కంచెకు మందు కొట్టమని చెప్పి నేను ఇటు తిరిగానో లేదో, పంపు కింద పెట్టేసి కేక వేసింది.

"సారూ, జర ఇటు రా. గిది సూసి సెప్పు, కొట్టాల్నా వద్దా."

వెళ్లి చూశాను. వేలెడంత ఆకుపచ్చ గొల్లభామ, కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, పొట్ట చివరి నుంచి తెల్లటి నురగ తీస్తోంది. అటొకసారి ఇటొకసారి ఊపుతూ వరస మీద వరస పేరుస్తోంది. ఆ నురగలోనే గుడ్లు. మేం చూస్తుండగానే నురగ గట్టిపడి, రంగు మారి, కొమ్మకు అంటించిన బెల్లం ముక్కలా అయింది. నాలుగేళ్లు వ్యవసాయ డిగ్రీ చదివాను, పరీక్షలో దాని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. కళ్లతో చూడటం మాత్రం అదే మొదలు.

"గిప్పుడు మందు గొడ్తె పాపం గాదా సారూ?"

"పాపం సంగతి తర్వాత. పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?"

"కొట్టినమని రాస్కో. కంచె ఏమన్న సాక్ష్యం సెప్తదా?"

నవ్వొచ్చింది. రిజిస్టరులో 'పడమటి కంచె, మందు కొట్టడమైనది' అని రాసి సంతకం పెట్టాను. మరుసటి వారమూ అలాగే రాశాను. చెయ్యని పనిని చేసినట్టు రాయడం మొదటిసారే కష్టం, తర్వాత పెన్ను దానంతట అదే నడుస్తుంది. మీకు చేతనైతే ఆ మొదటిసారి రాయకండి.

ఆ జనవరిలో విదేశీ అతిథులు వస్తున్నారని కంచెను మోకాలెత్తుకు కోయించాను. బాలమణి చుట్టాల పెళ్లికి పోయి నాలుగు రోజులు పనికి రాలేదు. కోసిన కొమ్మలన్నీ ఎరువు కోసం ముక్కలు చేసే మిషన్లో వేయించాను. ఆమె తిరిగొచ్చి, కంచె పొడవునా నడిచి, తన పనికి వెళ్లిపోయింది. తొలకరి పడిన వారానికి నన్ను మళ్లీ అక్కడికి తీసుకెళ్లింది. కంచె పచ్చగా చిగిర్చింది. దాని మీద ఒక్క పురుగు లేదు.

"గుడ్లన్ని మిషన్ల ఏసినవ్ గద సారూ. పిల్లలు యాడికెల్లొస్తయి?"

చలికాలంలో కంచె కోయడం మన పుస్తకాల్లో ఉన్న పద్ధతే. ఆ కాలంలో గొల్లభామలన్నీ గుడ్లుగానే ఉంటాయని ఆ పుస్తకాలు చెప్పవు. మరుసటి ఏడాది నుంచి బాలమణి ఇంటి నుంచి పాత చీర తెచ్చి, వేలెడు వెడల్పు పీలికలు చించి, గుడ్ల ముద్ద ఉన్న ప్రతి కొమ్మకూ ఒకటి కట్టేది. "కోసెటోళ్లకు కనవడాలె గద" అంది. పీలికకు అటు జానెడు ఇటు జానెడు వదిలి కోయమని నేను మనుషులకు చెప్పాను. జనవరి వస్తే మా కంచె సగం గీసిన గడ్డంలా ఉండేది. ఎవరైనా అడిగితే అదొక కొత్త పద్ధతని బొంకేవాణ్ని.

ఏడు గంటల నడక

ఆ తర్వాత చాలా ఏళ్లు, పొద్దున ఏడు గంటలకు, బస్సులు రాకముందే, నేనూ బాలమణీ ఆ కంచె వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాళ్లం. నా ఉద్యోగంలో నాకు మిగిలిన సంతోషం ఏదైనా ఉందంటే అదే. నేను కళ్లద్దాలు సవరించుకునేలోగా ఆమె మూడు గొల్లభామల్ని చూపించేది. ఆకు మీద ఆకులా కూర్చుంటాయి. గాలి లేకపోయినా గాలికి ఊగినట్టు ఊగుతాయి. దగ్గరికి వంగితే తల తిప్పి మన ముఖంలోకి చూస్తాయి.

గొల్లభామ రైతుకు మిత్రపురుగని మీకు పాఠాల్లో చెప్పి ఉంటారు. నేను చూసినంత వరకు దానికి మిత్రులూ శత్రువులూ లేరు. ఆకులకు పట్టే పేనుబంకను తింటుంది, తేనెటీగను తింటుంది, సీతాకోకచిలుకను రెక్కలు వదిలేసి తింటుంది, ఆకలైతే తోడబుట్టినదాన్నీ తింటుంది. దాన్ని ఉంచితే మందు ఖర్చు తగ్గుతుందని నేను పైవాళ్లకు ఎన్నోసార్లు చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే అది అంత నిజం కాదు. అది అక్కడ పుట్టింది కాబట్టి అక్కడ ఉండాలి. అంతకు మించి నా దగ్గర కారణం లేదు. బాలమణికి ఆ కారణం కూడా అవసరం కాలేదు.

గుడ్ల ముద్దను చదవడం ఆమెకు నేనే నేర్పాను, ఆమెకు నేను నేర్పింది అదొక్కటే. నడుమ సన్న చీలిక దగ్గర వెంట్రుకల్లాంటి పొరలు వేలాడుతుంటే పిల్లలు బయటికి వెళ్లినట్టు. పక్కల్లో సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నాలుంటే చిన్న కందిరీగలు లోపలి గుడ్లన్నీ తినేసినట్టు, ఇక ఏమీ రావు. కన్నాలున్న ముద్ద కనపడితే ఆమె పీలిక విప్పి కొంగున ముడేసుకునేది. ఇంకో కొమ్మకు పనికొస్తుందని.

తొలకరి పడ్డాక పిల్లలు దిగుతాయి. చీమలంత ఉంటాయి. సన్నటి దారాలకు గుత్తిగా వేలాడి, కాసేపటికి ఒక్కొక్కటే విడిపోతాయి. వారం తిరిగేసరికి వందలో పదో పన్నెండో కనపడేవి.

"నూరు పుడ్తె రెండు మిగుల్తయి సారూ" అనేది బాలమణి. "గా రెండింటికే గింత గోస."

భుజం మీద వాలింది

ఒక కార్తీకమాసంలో, కంచె దగ్గర బెంచీ మీద టీ తాగుతున్న ఒక అమ్మాయి భుజం మీద గొల్లభామ వాలింది. పాపం ఆ అమ్మాయి తప్పేమీ లేదు. తల తిప్పితే అంత దగ్గర్లో ఆ ముఖం కనపడితే ఎవరైనా జడుసుకుంటారు. అరిచి లేచింది, వేడి టీ చేతి మీద పడి బొబ్బలెక్కింది. సాయంత్రానికి విషపురుగు కరిచిందని క్యాంపస్ అంతా పాకింది. ఫోటోలు తిరిగాయి. తోటంతా పురుగుల పుట్ట అయిపోయిందని పైవాళ్లకు ఉత్తరాలు వెళ్లాయి.

మర్నాడు కొత్త మేనేజరు పిలిచాడు. గదిలో ఆయన, కాంట్రాక్టరు మనిషి, నేను. తలుపు దగ్గర బాలమణి నిలబడి ఉంది. మేనేజరు రిజిస్టరు నా ముందుకు తోశాడు.

"ప్రతి వారం ఆ కంచెకు మందు కొట్టినట్టు మీ సంతకం ఉంది. నిన్న మా వాళ్లు వెళ్లి చూస్తే ఎక్కడ చూసినా అవే. ఎవరు అబద్ధం చెబుతున్నారు?"

అప్పటికి నాకింకా రెండున్నరేళ్ల సర్వీసు ఉంది. నార్సింగి ఫ్లాటు వాయిదాలు నడుస్తున్నాయి. ఇవి కారణాలు కావు, అప్పుడు నా తలలో తిరిగిన సంగతులు, అంతే. నేను ఒక్క మాట అంటే సరిపోయేది, 'నేనే వద్దన్నాను' అని. మూర్తిగారు అన్న మాటే. నేనేమన్నానంటే, "నేను కొట్టమనే చెప్పాను సార్. కొట్టామని వాళ్లు చెబితేనే సంతకం పెట్టాను."

మేనేజరు తలుపు వైపు చూశాడు. బాలమణి నా వైపు చూసింది. కోపంగా కాదు. పొద్దున కంచెలోకి చూసినట్టే, ఏముందా అని చూసింది.

"అవు సారూ" అంది. "నేనే కొట్టలే. సారుకు ఎరుకలేదు."

మధ్యాహ్నంలోగా ఆమె గేట్ పాస్ లాక్కున్నారు. నేను గేటు దాకా పరుగెత్తాను.

"బాలమణీ, నేను వెనక్కి వెళ్లి చెబుతాను..."

"నువ్వుండు సారూ. ఇద్దరం పోతె కంచెను సూసెటోళ్లెవరు? పీలికలు పైలంగ సూస్కో." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తొలకరి పడంగనె ఫోన్ జేస్త. పిల్లలైనయో లేదో సెప్పాలె మరి."

వెనక్కి వెళ్లాను. వెళ్లి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ట్రాలీ

ఆ జనవరిలో కంచెను పీకేశారు. గోరింట వద్దు, కంచె వెనకున్న గోడకు ప్లాస్టిక్ ఆకులు పెట్టిద్దాం, నీళ్లు అక్కర్లేదు, పురుగు రాదు అన్నాడు మేనేజరు. ఆయన లెక్క ఆయనకు సరైనదే. "కొంచెం ఉంచుదామా సార్?" అని ఒక్కసారి అడిగాను. ఆయన విన్నాడో లేదో తెలియదు, నేను రెండోసారి అడగలేదు.

జేసీబీ ఒక్క పూటలో పని ముగించింది. వేళ్లతో సహా ట్రాక్టరు ట్రాలీలోకి ఎత్తారు. ఎర్రటివి, నీలివి, మామిడిపండు రంగువి, బాలమణి పీలికలు ఆ కొమ్మల నిండా ఊగుతూ గేటు దాటిపోయాయి. నేను నిలబడి చూశాను. ఆ కొమ్మల్లో ఓ పది కత్తిరించి ఇంకో పొదకు కట్టి ఉంటే సరిపోయేది. గుడ్ల ముద్దకు తన చెట్టే కావాలని లేదు, ఏ కొమ్మైనా చాలు. కత్తెర నా జేబులోనే ఉంది. పది నిమిషాల పని. అది నాకు తట్టింది సాయంత్రం ఇంటికెళ్లాక. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మర్నాడు పొద్దున్నే చెత్త పారబోసే చోటికి వెళ్లాను. అప్పటికే తగలబెట్టేశారు.

తొలకరి ఫోను

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడే ఫోను మోగింది.

"సారూ, వాన వడ్డది. పిల్లలైనయా?"

ఆ పూట నిజం చెప్పేస్తే అయిపోయేది. తిట్టేది, నాలుగు రోజులు ఏడ్చేది. నాకు ధైర్యం చాలలేదు. "అయ్యాయమ్మా" అన్నాను.

"ఎన్ని పీలికల కాడ?"

"పదకొండు."

ఒక అపార్టుమెంటులో మెట్లు కడిగే పని దొరికిందని చెప్పింది. పెట్టేసే ముందు, "ఇంకేమన్న ఉన్నదా సారూ?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను.

రెండో ఏడు పద్నాలుగన్నాను. మూడో ఏడు నేను రిటైరయ్యాను. అయినా క్యాంపస్‌కు వెళ్లి చూసొచ్చానని, తొమ్మిది పీలికల దగ్గర పిల్లలు దిగాయని చెప్పాను. నాలుగో ఏడు ఒక పెద్ద ఆడ గొల్లభామ నా చేతి మీదికి ఎక్కిందని కూడా కల్పించాను. ప్రతిసారీ చివరికి అదే ప్రశ్న. "ఇంకేమన్న ఉన్నదా సారూ?" ప్రతిసారీ నాది అదే జవాబు. వచ్చే ఏడు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం అనుకుంటూ నాలుగేళ్లు గడిపాను.

ఈ ఏడాది

ఈ ఏడాది తొలకరి బాగానే పడింది. ఫోను రాలేదు. వారం చూసి నేనే చేశాను. బాలమణి కోడలు లావణ్య ఎత్తింది.

"అత్త పోయింది సారూ. ఎండకాలంల. దవాఖానల రెండు దినాలున్నది, గంతే."

గోపన్‌పల్లి వెళ్లాను. కొత్త అపార్టుమెంట్ల వెనక సందులో రెండు గదుల ఇల్లు. లావణ్య పనికి బయలుదేరుతోంది. ఒంటి మీద యూనిఫాం చూసి ఆగిపోయాను. అది మా క్యాంపస్‌లో గదులు ఊడ్చేవాళ్లది.

"నువ్వు అక్కడ ఎప్పటి నుంచి చేస్తున్నావమ్మా?"

"ఆరేండ్లాయె సారూ. అత్తనే పెట్టిచ్చింది. మిమ్ముల రోజు సూసేదాన్ని, మీరే నన్ను ఎరుగరు."

అరుగు మీద కూర్చున్నాను. "అయితే కంచె పీకేసిన సంగతి ఆమెకు..."

"గా దినమే సెప్పిన. పీలికలు ట్రాలీల పోయినయని గూడ సెప్పిన. గా పూట బువ్వ తినలే."

"మరి ఏటేటా నన్నెందుకు అడిగింది?"

"నేను గూడ గదే అడిగిన సారూ. 'సారు మంచోడే, ఈ ఏడు గాకపోతె వచ్చే ఏడన్న సెప్తడు' అనేది."

ఏడ్చాను. అరవై దాటినవాణ్ని, ముక్కూ మొహం తెలియని అమ్మాయి ముందు కూర్చొని ఏడ్చాను. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది, పనికి ఆలస్యమవుతున్నా అక్కడే ఆగింది.

లేచి వస్తుంటే మెట్టు పక్కన, పాత రంగు డబ్బాలో గోరింట మొక్క కనపడింది. మా కంచె కొమ్మేనట, బాలమణి ఎప్పుడో తెచ్చి గుచ్చింది. పైకొమ్మకు మామిడిపండు రంగు పీలిక కట్టి ఉంది.

"గిది కొయ్యొద్దని సెప్పింది అత్త. వానలు వడ్డప్పటి సంది రోజు సూస్తున్న సారూ. పిల్లలైతయా?"

కళ్లద్దాలు తుడుచుకొని వంగి చూశాను. గుడ్ల ముద్ద నడిమి చీలిక మూసుకునే ఉంది. పక్కన సూదితో పొడిచినట్టు మూడు గుండ్రటి కన్నాలు. 'అవుతాయమ్మా' అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. నాలుగేళ్ల అలవాటు. అలా అంటే ఆ అమ్మాయి సంతోషంగా పనికి పోయేది.

"కావమ్మా" అన్నాను. "కందిరీగలు తినేశాయి. ఇందులో ఏమీ లేదు."

లావణ్య ఆ ముద్ద వైపు చాలాసేపు చూసింది. "గట్లనా" అంది. తర్వాత, అత్తను చూసి నేర్చుకుందేమో, పీలిక విప్పబోయింది. ముడి రాలేదు. నేను కూడా గోళ్లతో పట్టి చూశాను. ఎండకూ వానకూ బిగిసిపోయి ఉంది. ఆమెకు బస్సు టైమైంది. అలాగే వదిలేసి ఇద్దరం సందు చివరి దాకా నడిచాం.